చిత్రపటములో మిగిలిన కిరీటము

ధ్యానభాగములు: న్యాయాధిపతులు 9:7–15, లూకా 14:28–33



ఈ నెల మేము మీకు ఒక రాజు జీవితమును చెప్పదలచితిమి. ఈయన పరిశుద్ధ గ్రంథములో కనబడు రాజు కాడు. ఇప్పటికి నాలుగు వందల సంవత్సరముల క్రిందట ఐరోపా ఖండములో జీవించినవాడు. పేరు అయిదవ ఫ్రెడరిక్. కథ మొదలుపెట్టుటకు ముందు ఆయన చిత్రపటమునొకదానిని మీ కన్నుల యెదుట నిలుపవలెనని మా కోరిక.

ఆ పటమును హాలండు దేశములోని ఉట్రెక్టు పట్టణస్థుడగు హెరిట్ వాన్ హోన్తోర్స్ట్ అను చిత్రకారుడు 1634వ సంవత్సరమున నూనె రంగులతో చిత్రించెను. ఇప్పుడది జర్మనీ దేశములో హైడెల్‌బెర్గు నగరమందలి మ్యూజియములో నున్నది. అందులో ఫ్రెడరిక్ రాజ వైభవముతో కనబడుచున్నాడు. తలమీద బొహీమియా దేశపు కిరీటము. భుజములమీద తెల్లని మృదురోమపు అంచుగల రాజవస్త్రము. చేతిలో రాజదండము. చూచినవారెవరైనను, ఈయన సింహాసనముమీద స్థిరముగా కూర్చుండి రాజ్యమేలుచున్నవాడని అనుకొందురు.

అయితే సంగతి అది కాదు. ఆ పటము వ్రాయబడిన నాటికి ఫ్రెడరిక్ చనిపోయి రెండేండ్లు గడచెను. ఆ కిరీటము ఆయన చేజారిపోయి పదునాలుగేండ్లు అయ్యెను. ఆయన భార్యాబిడ్డలు పరదేశములో ఇతరుల దయమీద బ్రదుకుచుండిరి. ఆయన శరీరము ఎక్కడ శాశ్వతముగా పాతిపెట్టబడెనో నేటికిని ఎవరికిని తెలియదు. సమాధి లేని రాజునకు పటములో మాత్రము కిరీటమున్నది. ఇది ఎట్లు జరిగినదో తెలిసికొందము.

ప్రశ్నోత్తరి పుట్టిన ఇల్లు

ఫ్రెడరిక్ 1596వ సంవత్సరము ఆగష్టు 26న జర్మనీలో ఆంబెర్గు పట్టణ సమీపమున జన్మించెను. ఆయన తండ్రి నాలుగవ ఫ్రెడరిక్, రైన్ నదీతీరమందలి పాలటినేటు అను దేశమునకు ప్రభువు. ఆ కాలమున జర్మనీ అంతయు చిన్నవి పెద్దవి అనేక సంస్థానములుగా నుండి, వాటన్నిటిమీద ఒక చక్రవర్తి యుండెను. ఆ చక్రవర్తిని ఎన్నుకొను హక్కు ఏడుగురికి మాత్రమే కలదు. వారిలో పాలటినేటు ప్రభువు ఒకడు. హైడెల్‌బెర్గు ఆయన రాజధాని. తల్లి లూయిజా యులియానా, హాలండు దేశపు స్వాతంత్ర్యము కొరకు పోరాడిన ఆరెంజి ప్రభువు విలియం కుమార్తె.

ఈ హైడెల్‌బెర్గు పేరు మన సంఘములలో కొందరు వినియుందురు. ఫ్రెడరిక్‌కు ముత్తాతయగు మూడవ ఫ్రెడరిక్ ఆజ్ఞచేత 1563లో అక్కడ ఒక ప్రశ్నోత్తరి సిద్ధపరచబడెను. అందులో 129 ప్రశ్నలున్నవి. ఏడాదిలోని 52 ఆదివారములకు బోధించుటకు వీలుగా అవి భాగింపబడినవి. సామాన్యులు, పిల్లలు నేర్చుకొనవలెనని వ్రాసిన ఆ చిన్న పుస్తకము, రాజుల కోటలకంటె ఎక్కువ కాలము నిలిచి, అనేక భాషలలో నేటికిని చదువబడుచున్నది. బ్రదుకునందును చావునందును మనిషికి ఆదరణ ఏది అని అది మొట్టమొదట అడుగును. మనిషి తనకు తాను చెందినవాడు కాడు, క్రీస్తుకు చెందినవాడు అనునదే దాని జవాబులోని సారము. ఫ్రెడరిక్ అట్టి ఇంట పుట్టెను. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలెను.

తండ్రి 1610లో చనిపోయెను. అప్పటికి కుమారునికి పదునాలుగేండ్లు. ఆయన ఫ్రెంచి సరిహద్దులోని సెడాన్ పట్టణములో బంధువుల యింట చదువుకొనెను. మంచి నడవడిగలవాడు, మృదుస్వభావుడు, భక్తి నేర్చినవాడు. అయితే యుద్ధమును గాని రాజ్యతంత్రమును గాని ఎరిగినవాడు కాడు.

పదునారేండ్ల వయస్సున ఆయన ఇంగ్లండు వెళ్లి, ఆ దేశపు రాజగు జేమ్సు కుమార్తె ఎలిజబెత్‌ను 1613 ఫిబ్రవరి 14న వివాహమాడెను. 1611లో ప్రకటింపబడిన ప్రసిద్ధమైన ఇంగ్లీషు బైబిలు ఈ జేమ్సు రాజు ఏర్పాటువల్లనే తయారైనది. వధువు వరునికంటె ఒక వారము మాత్రమే పెద్ద. వారిరువురి ప్రేమ కడవరకు చెడలేదు. రాజకుటుంబములలో వివాహములు రాజ్యముల బేరములుగా నుండిన ఆ దినములలో ఇది తలచదగిన విషయము.

హైడెల్‌బెర్గు కోటలో ఫ్రెడరిక్ తన భార్యకొరకు కొండ చరియను మెట్లు మెట్లుగా చదునుచేయించి గొప్ప తోట వేయించెను. బిడ్డలు పుట్టిరి. దేశము శాంతముగా నుండెను. పొలములలో ద్రాక్షతోటలు, నగరములో విద్యాపీఠము, దానికి ఐరోపాలోకెల్ల పేరుపడిన గ్రంథాలయము. ఒక ప్రభువునకు ఇంతకంటె ఏమి కావలెను?

కిరీటము కొరకు పిలుపు

జర్మనీకి తూర్పున బొహీమియా దేశమున్నది. అది నేటి చెక్ దేశములోని భాగము. దాని ముఖ్యపట్టణము ప్రాగు. లూథరుకు నూరేండ్ల ముందే సువార్త సత్యము నిమిత్తము 1415లో సజీవముగా కాల్చబడిన యాన్ హుస్ ఆ దేశస్థుడే. అక్కడి ప్రొటెస్టెంటు ప్రజలకు ఆరాధన స్వాతంత్ర్యమిచ్చుచు 1609లో రాజు ఒక ఆజ్ఞాపత్రమును వ్రాసియిచ్చెను. పిదప వచ్చిన ఫెర్డినాండు అను రాజు గట్టి రోమను కతోలికుడు. ఆ పత్రము చెల్లకుండ పోవునని ప్రజలు భయపడిరి. వారి దేవాలయములు రెంటి విషయములో తగవు పుట్టెను. 1618 మే 23న ప్రొటెస్టెంటు పెద్దలు ప్రాగు కోటలో ప్రవేశించి, రాజప్రతినిధులిద్దరిని, వారి వ్రాయసకానిని కిటికీలోనుండి క్రిందికి త్రోసివేసిరి. ముగ్గురును ప్రాణములతో బయటపడిరి గాని, ఆ దినమున రేగిన నిప్పు ముప్పదియేండ్లు ఆరలేదు.

1619 ఆగష్టులో బొహీమియావారు ఫెర్డినాండును త్రోసివేసి, పాలటినేటు ప్రభువగు ఫ్రెడరిక్‌ను తమ రాజుగా ఎన్నుకొనిరి. రెండు దినములైనను గడువకముందే ఆ ఫెర్డినాండే జర్మనీ చక్రవర్తిగా ఎన్నికయ్యెను. అనగా ఫ్రెడరిక్ ఆ కిరీటమును తీసికొన్నయెడల తన చక్రవర్తితోనే పోరాడవలెను.

అప్పటికి ఆయన వయస్సు ఇరువది మూడేండ్లు. ఏమి చేయవలెనో తోచలేదు. మామగారగు జేమ్సు రాజునకు ఇది సమ్మతము కాదు. తల్లి భయపడెను. రోతెన్‌బుర్గు పట్టణమున కూడిన ప్రొటెస్టెంటు ప్రభువులలో ఎక్కువమంది వలదనిరి. అయితే ఆయన ముఖ్యమంత్రిగా నుండిన ఆన్‌హాల్టు ప్రభువు క్రిస్టియను చాలకాలమునుండి ఈ కిరీటము కొరకే పాచికలు వేయుచుండెను. ఆస్థాన బోధకుడగు స్కుల్టేటసు కూడ అదే త్రోవ చూపెను. కష్టములోనున్న విశ్వాసులు పిలుచుచున్నారు, పోకుండుట ఎట్లు అని ఫ్రెడరిక్ మనస్సున తర్కించుకొనెను. చివరకు ఇది దేవుని పిలుపే, దీనిని త్రోసివేయరాదు అని తీర్మానించుకొని, సెప్టెంబరు చివరను ఒప్పుకొనెను.

ప్రియులారా, ఇచ్చట మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. ఆయన దురాశాపరుడు కాడు. ఆయనను పిలిచిన ప్రజల భయము కల్ల కాదు. కాని మంచి మనస్సు ఒక్కటి చాలునా? అదే ఈ జీవితము మనలను అడుగు ప్రశ్న.

ఒక్క శీతకాలము

1619 అక్టోబరు 31న ఫ్రెడరిక్, నిండు గర్భిణియగు ఎలిజబెత్, వారి పెద్దకుమారుడు ప్రాగు నగరమున ప్రవేశించిరి. ప్రజలు సంతోషముతో ఎదుర్కొనిరి. నవంబరు 4న ఆయనకును, మూడు దినముల తరువాత ఆమెకును కిరీటధారణ జరిగెను. డిసెంబరు నెలలో రూపర్టు అను కుమారుడు పుట్టెను.

ఆ నెలలోనే ఒక గొప్ప పొరపాటు జరిగెను. స్కుల్టేటసు ఉద్దేశము చొప్పున, ప్రాగు నగరపు ప్రధాన దేవాలయములోని ప్రతిమలను, చిత్రములను, బలిపీఠములను తీసివేయించిరి. తరతరములనుండి ఆ జనులు వాటిని చూచుచు పెరిగినవారు. రోమను కతోలికులకేగాక, లూథరు సంఘమువారికిని హుస్ మార్గస్థులకును అది మనస్సునకు గాయమయ్యెను. కొత్తగా వచ్చిన రాజు జనుల భాష నేర్వలేదు, వారి హృదయము నెరుగలేదు, అయినను వారి దేవాలయమును మార్చెను. జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమయే కట్టునదని 1 కొరింథీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయములో పౌలు నేర్పిన పాఠము అక్కడ మరువబడెను.

శత్రువులు ఎగతాళిగా కరపత్రములు అచ్చువేసిరి. ఈయన శీతకాలపు రాజు, మంచుతోపాటు కరగిపోవునని వ్రాసిరి. ఆ పేరే చరిత్రలో నిలిచిపోయెను.

సహాయము చేయుదురనుకొన్నవారు ఒక్కరొక్కరుగా తప్పుకొనిరి. 1620 జులైలో ప్రొటెస్టెంటు ప్రభువులు ఉల్ము పట్టణమున కతోలిక ప్రభువులతో ఒడంబడిక చేసికొని, బొహీమియాను దాని పాటికి విడిచిపెట్టిరి. ప్రొటెస్టెంటగు సాక్సనీ ప్రభువు చక్రవర్తి పక్షమునే చేరెను. మామగారు తన అల్లుని సింహాసనము నిలుపుటకు సైన్యము నడపలేదు. రాజులను నమ్ముకొనరాదని చెప్పు 146వ కీర్తనను చిన్ననాటినుండి ఎరిగినవాడు, ఆ సత్యమును ఆ యేడాది తన ఒంటితో నేర్చుకొనెను. బొహీమియా సైనికులకు జీతములు కూడ సరిగా అందలేదు.

1620 నవంబరు 8, ఆదివారము. ప్రాగు వెలుపల తెల్లకొండ అను చిన్న గుట్టమీద రెండు సైన్యములు ఎదురుపడెను. ఆ సమయమున ఫ్రెడరిక్ నగరములో ఇంగ్లండు రాయబారులతో భోజనము చేయుచుండెను. యుద్ధము రెండు గంటలైనను సాగలేదు. ఆయన గుఱ్ఱమెక్కి కోట గుమ్మమునకు వచ్చునప్పటికి, తన సైనికులు పారిపోయి వచ్చుచుండుట కనబడెను. కిరీటము ధరించి అప్పటికి ఒక సంవత్సరము నాలుగు దినములు.

మరునాడు తెల్లవారి రాజకుటుంబము బండ్లమీద పారిపోయెను. ఆ తొందరలో పసివాడగు రూపర్టును మరచిరనియు, చివరి క్షణమున ఎవరో చూచి బండిలో వేసిరనియు చెప్పుదురు. రాజు ముఖ్యమైన పత్రములు, మామగారిచ్చిన గౌరవ చిహ్నము సహితము వెనుక పడిపోయినవి. ఎలిజబెత్ మరల గర్భవతి. మంచు కురియుచున్న ఆ త్రోవలలో ప్రయాణము చేసి, కొన్ని వారములకు బ్రాండెన్‌బుర్గు దేశములోని క్యూస్ట్రిన్ కోటలో మగబిడ్డను కనెను. ఉండుటకు చోటు అడుగుచు తిరిగిన ఆ తల్లి దినములను మన స్త్రీలు సులభముగా ఊహించుకొనగలరు.

వెల చెల్లించినవారు

రాజు తప్పించుకొనెను. తప్పించుకొనలేనివారి మాట ఏమి?

1621 జూన్ 21న ప్రాగు నగర వీథిలో, తిరుగుబాటు పెద్దలు ఇరువది ఏడుగురు అందరు చూచుచుండగా వధింపబడిరి. పిమ్మట కొన్నేండ్లలో ప్రొటెస్టెంటు బోధకులు, కుటుంబములు వేలకొలది దేశమునుండి వెళ్లగొట్టబడిరి. పిల్లల చదువు విషయములో ప్రపంచమంతయు గౌరవించు కొమేనియసు కూడ అట్లు 1628లో తన దేశమును విడిచి, మరల ఎన్నడును అక్కడ కాపురముండలేకపోయెను.

ఫ్రెడరిక్ సొంత దేశమగు పాలటినేటుమీద స్పెయిను సైన్యము, బవేరియా సైన్యము వచ్చి పడెను. 1622 సెప్టెంబరులో హైడెల్‌బెర్గు శత్రువుల వశమయ్యెను. మరుసటి యేడు అక్కడి గ్రంథాలయములోని పుస్తకములు పెట్టెలలో కట్టి, కంచరగాడిదలమీద కొండలు దాటించి రోమాపురికి తీసికొనిపోబడెను. చక్రవర్తిని ఎన్నుకొను హక్కు బవేరియా ప్రభువునకు ఇయ్యబడెను. యుద్ధము 1648 వరకు సాగెను. పంట కోయుటకు ముందే సైన్యములు వచ్చుచుండెను. ఒక సైన్యము విడిచిన గింజలను మరియొక సైన్యము ఎత్తుకొనిపోయెను. ఆకలియు తెగులును వెంట వచ్చెను. జర్మనీలో మిక్కిలి పాడైన దేశములలో పాలటినేటు ఒకటి.

ఆ రైతులెవరును బొహీమియా కిరీటమును కోరలేదు. హైడెల్‌బెర్గులో 1619 సెప్టెంబరున జరిగిన ఆలోచనలో వారి మాట ఎవరును అడుగలేదు. అయినను వెల చెల్లించినవారు వారే. పొలము పనిచేయు మనకు ఈ సంగతి వేరుగా ఎవరును వివరింపనక్కరలేదు.

పరదేశములో

1621 ఏప్రిలులో ఫ్రెడరిక్ కుటుంబము హాలండులోని హేగు నగరము చేరెను. అక్కడ ఆయన మేనమామ మోరిసు ప్రభువు చేర్చుకొనెను. ఆ దేశపు సభవారు ఇల్లును ఖర్చులకు ధనమును ఇచ్చిరి. 1605 నుండి మన మచిలీపట్నములో వర్తకము చేయుచుండిన ఒలందావారు ఈ దేశస్థులే.

అక్కడ ఇల్లంతయు రాజమర్యాదలతోనే నడచెను గాని, అప్పులు మాత్రము పెరుగుచుండెను. ఎలిజబెత్ తన నగలను తాకట్టు పెట్టవలసివచ్చెను. వారికి మొత్తము పదుముగ్గురు బిడ్డలు కలిగిరి. చిత్రకారుడు హోన్తోర్స్ట్ ఆ యింటికి వచ్చి పెద్దల పటములు వ్రాసెను, పిల్లలకు బొమ్మలు వేయుట నేర్పెను. ఆయన రోమాపురిలో పని నేర్చినవాడు. ప్రధానయాజకుని యెదుట మన ప్రభువు నిలిచిన రాత్రిని ఒక్క దీపపు వెలుగులో చూపిన ఆయన చిత్రము మిక్కిలి ప్రసిద్ధి. ఆయన రోమను కతోలికుడు. ప్రాగు దేవాలయములోని చిత్రములను తీసివేయించిన రాజు ఇంట, ఒక కతోలిక చిత్రకారుడు ఆప్తుడాయెను. దేవుడు మనుష్యులను మెల్లగా నేర్పును.

1629 జనవరిలో ఇంకొక దెబ్బ తగిలెను. హాలండు నౌకాధిపతి పీట్ హైన్ స్పెయినువారి వెండి ఓడలను అంతకుముందటి సంవత్సరము పట్టుకొనెను. ఆ ధనమును చూచుటకై ఫ్రెడరిక్ తన పెద్దకుమారుని వెంటబెట్టుకొని ఆంస్టర్‌డాము వైపు పడవలో వెళ్లెను. చీకటిలో మరియొక పడవ వచ్చి వారి పడవను కొట్టెను. తండ్రిని పైకి లాగిరి. పదునైదేండ్ల కుమారుడు ఆ చలి నీటిలో మునిగి చనిపోయెను. ప్రాగు నగరములో తండ్రితోపాటు ప్రవేశించిన పిల్లవాడు అతడే. రాజ్యము పోయినప్పుడు ఓర్చుకొన్న ఆ తండ్రి, ఈ దుఃఖమునుండి పూర్తిగా తేరుకొనలేదు.

స్వీడను రాజు గుస్తావు అడాల్ఫు జర్మనీలో విజయములు పొందుచుండగా, 1632లో ఫ్రెడరిక్‌కు మరల ఆశ కలిగెను. ఆయన అక్కడికి వెళ్లెను. ఆ రాజు గౌరవించెను గాని, దేశమును తిరిగి ఇచ్చుటకు కఠినమైన షరతులు పెట్టెను. నవంబరు 16న గుస్తావు యుద్ధములో మరణించెను. పదుమూడు దినముల పిమ్మట, నవంబరు 29న, మైంట్సు పట్టణమున ఫ్రెడరిక్ జ్వరముతో ప్రభువునందు నిద్రించెను. వయస్సు ముప్పది ఆరు. యుద్ధపు అలజడిలో ఆయన దేహమును ఒక చోటినుండి మరియొక చోటికి మోసికొనిపోయిరి. చివరకు దాని జాడయే తెలియకుండ పోయెను.

పటము దేనికొరకు

ఆ వార్త చేరినప్పుడు ఎలిజబెత్ మూడు దినములు అన్నము ముట్టలేదని చెప్పుదురు. బ్రదికినన్నాళ్లు ఆమె తన్ను బొహీమియా రాణిననియే చెప్పుకొనెను. ఇట్టి సమయముననే, 1634లో, హోన్తోర్స్ట్ మనము మొదట చూచిన పటమును చిత్రించెను. పోయిన కిరీటమును రంగులతో తిరిగి తలమీద పెట్టెను. అందులో ఒక కుటుంబపు దుఃఖమున్నది, ప్రేమయున్నది. మా హక్కు మాకు కలదు, మా బిడ్డలను మరువకుడని లోకమునకు చేసికొన్న మనవియు ఉన్నది.

ఆ మనవి కొంతవరకు మాత్రమే నెరవేరెను. 1648 సంధిలో బ్రదికియున్న పెద్దకుమారునికి పాలటినేటులో ఒక భాగము దక్కెను. బొహీమియా ఎన్నటికిని దక్కలేదు. ఎలిజబెత్ 1661లో ఇంగ్లండు తిరిగివచ్చి, 1662 ఫిబ్రవరిలో లండనులో చనిపోయెను. ఆమె పేరే పెట్టుకొన్న పెద్దకుమార్తె, జర్మనీలో హెర్‌ఫోర్డు అనుచోట ప్రొటెస్టెంటు స్త్రీల మఠమునకు అధిపతియై, హింసింపబడినవారికి ఆశ్రయమిచ్చెను. పరదేశములో పెరిగిన బిడ్డకు పరదేశుల కష్టము తెలియును గదా. హేగు నగరములో పుట్టిన చిన్నకుమార్తె సోఫియా కుమారుడు జార్జి, 1714లో బ్రిటను దేశపు రాజాయెను. ఏ కిరీటము కొరకు ఫ్రెడరిక్ అంతయు పోగొట్టుకొనెనో అది రాలేదు. ఆయన కలలోనైనను తలంపని కిరీటము ఆయన మనుమని తలమీదికి వచ్చెను. మనుష్యుల లెక్కలు ఇంతే.

మన ధ్యానము

యోతాము చెప్పిన ఉపమానమును న్యాయాధిపతుల గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో చదువుడి. చెట్లు తమకు రాజు కావలెనని ఒలీవచెట్టును అడిగెను. అది తన నూనెను విడిచి పోనన్నది. అంజూరపు చెట్టు తన తియ్యని పండ్లను విడువలేదు. ద్రాక్షావల్లి తన రసమును విడువలేదు. తమకు దేవుడిచ్చిన పని ఏదో ఆ చెట్లకు తెలియును.

ఫ్రెడరిక్‌కు నూనె లేకపోలేదు. హైడెల్‌బెర్గులో ఆయన యేలిన ప్రజలున్నారు, ఆయన ఇంట పుట్టిన ప్రశ్నోత్తరి యున్నది, బిడ్డలకు వాక్యము నేర్పు బడులున్నవి. ఆ నూనెను విడిచి, చెట్లన్నిటిమీద ఊగుటకు ఆయన వెళ్లెను. ముండ్లపొద వంటి దుర్మార్గుడు కాడు గనుకనే మనకు ఆయనను చూచి జాలి కలుగుచున్నది. ముండ్లపొదకంటె ఒలీవచెట్టే ఇట్టి పిలుపును గూర్చి ఎక్కువ జాగ్రత్తపడవలెను. మంచివారినే జనులు పిలుతురు.

లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములో మన ప్రభువు ఒక రాజును గూర్చి చెప్పెను. పదివేలమందితో ఇరువదివేలమందిని ఎదిరింపగలనా అని ఆ రాజు ముందుగా కూర్చుండి ఆలోచించును. ప్రభువు ధైర్యమును కాదనలేదు. కూర్చుండుటను నేర్పెను. ఫ్రెడరిక్ తన ప్రాణమునకు వెల కట్టుకొని యుండవచ్చును. తన పొలములలోని రైతు ప్రాణమునకు వెల కట్టలేదు.

పిలుపు వచ్చినప్పుడు మనము మూడు ప్రశ్నలు వేసికొందము. పిలుచుచున్నది దేవుడా, లేక నా చుట్టునున్నవారి ఆత్రమా? దీని వెల నేనే చెల్లింతునా, లేక నా ఇంటివారును నా పొరుగువారును చెల్లింతురా? దేవుడు ఇంతకుముందే నా చేతిలో పెట్టిన పనిని ఎవరికి విడిచి పోవుచున్నాను? సంఘపెద్దగా నుండుమన్నను, ఊరిలో ఒక తగవునకు ముందు నిలువుమన్నను, ఈ ప్రశ్నలు మనకు చాలును. వీటిని అడిగిన పిమ్మటకూడ పిలుపు నిలిచియుండినయెడల, భయపడక పోవచ్చును. మోషేను పంపిన దేవుడు మనతోను వచ్చును.

ఇక ఆ పటమును మరల ఒకసారి తలంచుడి. అందులో కిరీటమున్నది. కాలిన పల్లెలు లేవు. చలినీటిలో పోయిన కుమారుడు లేడు. మనుష్యుడు వ్రాయు పటము ఇట్టిదే, చూపదలచినదానిని చూపి తక్కినదానిని దాచును. దేవుడు చూచు పటము వేరు. ఆయన యెదుట శీతకాలపు రాజును, ఆయన యుద్ధములో పంట పోయిన రైతును సమానముగానే నిలిచియున్నారు. ఆ రాజు చిన్ననాట నేర్చిన జవాబు ఆయనకు కడపట మిగిలిన ఆస్తి: నేను నావాడను కాను, క్రీస్తువాడను. కిరీటము పోయినను, దేశము పోయినను, సమాధి పోయినను, ఆ జవాబును ఏ సైన్యమును కంచరగాడిదలమీద ఎత్తుకొనిపోలేదు. 1 పేతురు అయిదవ అధ్యాయములో చెప్పబడిన వాడబారని కిరీటము, అట్లు క్రీస్తుకు చెందినవారి కొరకే ఉంచబడియున్నది.

ప్రార్థన: ప్రభువా, నీవు పిలువని చోటికి మేము పరుగెత్తకుండ మమ్మును ఆపుము. నీవు పిలిచిన చోటికి వెళ్లుటకు మాకు ధైర్యమిమ్ము. మా నిర్ణయముల భారమును మోయు మా పొరుగువారిని మా కన్నుల యెదుట నిలుపుము. యుద్ధములలో పంటయు ఇల్లును పోగొట్టుకొన్నవారిని జ్ఞాపకము చేసికొనుము. మేము నీవారమను ఒక్క మాటతో మమ్మును కడవరకు నడిపింపుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.